పనికిరాని పాకుడేనా?

(బి.ఎస్సి. తృతీయ సంవత్సరం)

"పాకుడు" అన్న మాటను మంచికి వాడినవాళ్ళను నేను చూడలేదు. నూతి దగ్గర పాకుడు పట్టింది, జారతావు జాగ్రత్త అంటారు. వానాకాలంలో డాబా మీద నల్లగా పట్టేది పాకుడే. దాన్ని బ్లీచింగు పౌడరు చల్లి చీపురుతో గీకేస్తారు. వరిమడిలో తెట్టెగా తేలితే "నాచు పట్టింది" అని కర్రతో గట్టుకు లాగేస్తారు. ఒక్క బోటనీ క్లాసులో మాత్రం దీనికి గౌరవం. అక్కడ ఇది నీలి ఆకుపచ్చ శైవలం, అంటే సయానోబాక్టీరియా. నాస్టాక్, అనబీనా, సైటోనీమా, ఆసిలేటోరియా అని పేర్లు రాసి, పూసల దండలాంటి బొమ్మ గీసి, భాగాలు గుర్తిస్తే మార్కులు వస్తాయి. క్లాసు వదిలాక ఆ గౌరవాన్ని బెంచీమీదే వదిలేసి, హాస్టలు మెట్లమీద జారిన మిత్రుణ్ణి చూసి నవ్వుకుంటాం.

నేను రాయదలచుకున్నది ఆ జారుడు గురించే. కాలు జారేది కణాల వల్ల కాదు, కణాలు తమ చుట్టూ కార్చుకున్న జిగురు వల్ల. మన పాఠాల్లో రెండు వాక్యాలకు మించి చోటు దక్కని ఆ జిగురుకు మన పొలాలతో చాలా పని ఉందని, దాన్ని పట్టించుకోకుండా నాచుకు వెలకట్టడం తప్పు లెక్క అని నా అభిప్రాయం. ఇది రైతు బిడ్డ అభిప్రాయం కాబట్టి కొంచెం పక్షపాతం ఉంటే ఉండవచ్చు. లెక్కల్లో మాత్రం పక్షపాతం లేకుండా రాస్తాను.

ముందుగా ఈ జిగురు ఏమిటో చూద్దాం. సయానోబాక్టీరియా కేంద్రకపూర్వ జీవులు. ఎండను పట్టి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును చక్కెరగా మార్చుకుంటాయి. ఆ చక్కెరంతా తినేయవు. చాలా జాతులు అందులో కొంత భాగాన్ని పొడవాటి గొలుసులుగా అల్లి కణం బయటికి పంపుతాయి. ఆ గొలుసులనే పాలీశాకరైడ్లు అంటాం. కణాన్ని అంటిపెట్టుకుని గట్టి గొట్టంలా ఉంటే తొడుగు అంటారు. మెత్తగా, స్పష్టమైన అంచుతో ఉంటే గుళిక అంటారు. అంచూ ఆకారమూ లేకుండా వ్యాపిస్తే జిగురు. పూర్తిగా విడిపోయి నీళ్ళలో కరిగేది ఇంకొకటి.

అన్నం గంజి కూడా పాలీశాకరైడే గదా, ఇందులో గొప్పేముందని అడగవచ్చు. గంజిలో ఉన్నది ఒక్క గ్లూకోజే. నాచు జిగురులో గ్లూకోజ్, గెలాక్టోజ్, మానోజ్, జైలోజ్, అరబినోజ్, రామ్నోజ్, ఫ్యూకోజ్ వంటివి ఆరేడు రకాలు ఒకే గొలుసులో కలిసి ఉండటం సాధారణం. పైగా యూరోనిక్ ఆమ్లాలు ఉంటాయి, చాలా వాటిలో సల్ఫేటు గుంపులు కూడా ఉంటాయి. ఈ ఆమ్ల గుంపుల వల్ల గొలుసంతటికీ రుణావేశం వస్తుంది. ధనావేశం ఉన్న సోడియం, కాల్షియం, రాగి, సీసం లాంటి అయాన్లను అది పట్టుకుంటుంది. ఇటలీలో ఫ్లోరెన్సు విశ్వవిద్యాలయానికి చెందిన డి ఫిలిప్పిస్, విన్సెంజీని 1998లో ఈ విషయమంతా ఒకచోట కూర్చి పెద్ద సమీక్ష రాశారు. అప్పటి నుంచి ఈ జిగురుకు శాస్త్రజ్ఞుల్లో గిరాకీ పెరిగింది.

ఇంత ఖర్చు పెట్టి ఈ జీవి జిగురు ఎందుకు కారుస్తుంది? నీళ్ళు పోకుండా. వాన పడితే ఉబ్బి, ఎండ కాస్తే అట్టలా ముడుచుకుని, మళ్ళీ వానకు లేచి కూర్చునే నాస్టాక్‌ను మన ఊళ్ళ బంజర్లలో ఎవరైనా చూడవచ్చు. హెర్బేరియంలో నూరేళ్ళకు పైబడి ఎండిపోయి ఉన్న నాస్టాక్ కమ్యూన్ నమూనాకు నీళ్ళు పోస్తే మళ్ళీ పెరిగిందని 1962లో ప్రకటించారు. దాన్ని అలా కాపాడినవాటిలో ఈ జిగురు ముఖ్యమైనది. నత్రజనిని స్థాపించే హెటిరోసిస్టు కణం చుట్టూ ఉన్న పొరల్లో కూడా బయటిది పాలీశాకరైడే. లోపలి కొవ్వు పొర చెదరకుండా ఇది కాస్తుంది, ఆ కొవ్వు పొర ఆక్సిజన్‌ను అడ్డుకుంటుంది. ఆక్సిజన్ లోపలికి వస్తే నైట్రోజినేజ్ ఎంజైము పాడైపోతుంది. అంటే మనం మార్కుల కోసం రాసే "నత్రజని స్థాపన" కూడా ఈ జిగురు చాటునే జరుగుతోందన్నమాట.

దీని వయసు కూడా తక్కువది కాదు. భూమిమీద గాలిలోకి ఆక్సిజన్ చేరడం దాదాపు 240 కోట్ల సంవత్సరాల కిందట మొదలైంది, ఆ పని చేసింది ఈ జీవులే. వాటి జిగురుకు సున్నపు రేణువులు అంటుకుని, పొరమీద పొర పేరుకుని రాళ్ళయ్యాయి. వాటిని స్ట్రొమటొలైట్లంటారు. ఆస్ట్రేలియాలో షార్క్ బే దాకా పోలేనివాళ్ళు మన కడప జిల్లా వేంపల్లె ప్రాంతపు రాళ్ళలో చూడవచ్చు. 170 కోట్ల ఏళ్ళకు పైబడిన ఆ రాళ్ళలో ఉల్లిపాయ కోసినట్టు పొరలు కనిపిస్తాయి.

ఇక పొలానికి వద్దాం. వరిపొలంలో ఎరువు వేయకపోయినా ఏటా కొంత పంట ఎలా వస్తోందన్న ప్రశ్నకు 1939లో పి.కె. డే సమాధానం చెప్పాడు: నీలి ఆకుపచ్చ నాచు గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తోందని. 1950లో కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్.ఎన్. సింగ్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఉత్తరప్రదేశ్‌లో "ఊసర్" అనే చౌడు నేలలకు గట్లు కట్టి, వాన నీరు నిలిపి, నాచు పెరగనిస్తే నేల బాగుపడుతుందని రాశాడు. తరువాత ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో జి.ఎస్. వెంకటరామన్ నాచును ఎరువుగా పెంచి రైతులకు అందించే పద్ధతి తయారుచేశాడు. మడి కట్టి, మట్టిలో పెంచి, ఎండబెట్టి, నాట్లు వేసిన వారం పదిరోజులకు హెక్టారుకు 10 కిలోల చొప్పున చల్లమన్నారు. ఒకప్పుడు దీని మీద ఎన్నో ఆశలుండేవి.

మరి ఈనాడు ఏ రైతు చల్లుతున్నాడు? మా ఊళ్ళో ఎవరూ చల్లడం లేదు. ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది. అన్నీ అనుకూలిస్తే నాచు ఇచ్చే నత్రజని ఒక పంటకు హెక్టారుకు 20 నుంచి 30 కిలోలని సాధారణంగా చెబుతారు. ఎకరానికి 8 నుంచి 12 కిలోలు. యూరియాలో నత్రజని నూటికి 46 పాళ్ళు, బస్తా 45 కిలోలు, కాబట్టి బస్తాకు 20 కిలోల పైచిలుకు. అంటే నాచు సీజనంతా కష్టపడి చేసేది అరబస్తా యూరియా పని. సబ్సిడీ బస్తా చేతికందుతున్నప్పుడు అరబస్తా కోసం నాచును పెంచి, ఎండబెట్టి, పురుగుల నుంచి కాపాడే ఓపిక ఎవరికుంది? పైగా యూరియా ఎక్కువగా పడిన నీళ్ళలో ఈ నాచు నత్రజని స్థాపించడమే మానేస్తుంది. ఇంట్లో వండిన అన్నం ఉండగా పొయ్యి రాజేసేదెవరు!

ఇంకో కారణం కూడా ఉంది. మా నాన్న ఒకసారి ఒక దుకాణంలో నాచు ఎరువు పాకెట్టు కొన్నాడు. కాగితం మీద పచ్చటి బొమ్మ, లోపల పొడి మట్టి. చల్లాడు, చూశాడు, ఏమీ కాలేదు. అందులో ప్రాణమున్న కణాలు ఎన్ని ఉన్నాయో ఆ పాకెట్టు మీద రాసి లేదు, ఏ నేలనుంచి తీసిన జాతులో లేదు. "చదువుకుంటున్నదానివి, ఇందులో ఏముందో నువ్వు చెప్పమ్మా" అని నాన్న పాకెట్టు నా చేతిలో పెట్టాడు. దాన్ని మా లాబుకు తెచ్చి, తడిపి, కిటికీలో పెట్టాను. మూడు వారాలైనా పచ్చదనం రాలేదు. ఒక్క పాకెట్టుతో తీర్పు చెప్పలేం గాని, ఇలాంటి పాకెట్టు కొన్న రైతు మళ్ళీ నాచు మాట ఎత్తడు. ఇందులో నాన్న తప్పేమీ లేదు.

నేను అడిగేది ఒక్కటే. మనం నాచును తూచింది ఏ తక్కెడలో? ఒక్క నత్రజని తక్కెడలో. అందులో అరబస్తా తూగింది, పక్కన పెట్టేశాం. జిగురును ఎవరు తూచారు? ఎద్దును పాలివ్వలేదని అమ్మేసినట్టు ఉంది మన వ్యవహారం.

జిగురు చేసే పనులు మూడు. మొదటిది, మట్టి రేణువులను పట్టి ఉండలు చేయడం. ఉండల మధ్య సందుల్లో గాలీ నీరూ ఆడతాయి, వేరు దిగుతుంది. రెండోది, తడిని పట్టి ఉంచడం. మూడోది, సోడియం లాంటి అయాన్లను పట్టుకోవడం. ఇవి ఒట్టి మాటలు కావు. అమెరికాలో యూటా ఎడారుల్లో ఇసుక గాలికి లేవకుండా కట్టిపడేసేది మైక్రోకోలియస్ అనే సయానోబాక్టీరియం తొడుగులే. అక్కడ ఆ పొరను తొక్కవద్దని బోర్డులు పెడతారు. ఒక్క అడుగు పడితే ఆ పొర మళ్ళీ కట్టుకోవడానికి ఏళ్ళు పడుతుంది. చైనాలో ఈ జీవులను పెంచి ఎడారి ఇసుక మీద చల్లి, పొర కట్టించే ప్రయత్నాలు పెద్ద ఎత్తున జరిగాయి.

ఎడారి సంగతి సరే, మాగాణిలో నేలను దమ్ము చేసి మనమే ఉండలన్నీ చితక్కొడతాం గదా, అక్కడ జిగురుకు పనేమిటని మా క్లాసు మిత్రుడొకడు వాదించాడు. మంచి ప్రశ్న. వరి ఉన్నంతకాలం అతని మాట చాలావరకు నిజం. కాని కృష్ణా డెల్టాలో వరితో కథ ముగియదు. కోతకు కొద్దిరోజుల ముందు, వరి నిలబడి ఉండగానే మినుమో పెసరో చల్లుతాం. ఆ పైరు పెట్టుబడంతా నేలలో మిగిలిన తడే. ఆ తడి వారం రోజులు ఎక్కువ నిలిస్తే మినుము గట్టెక్కుతుంది, నిలవకపోతే పూతలోనే మాడుతుంది. నీళ్ళు తీసేశాక మడి మీద అట్టకట్టిన నాచు పొర ఆ తడిని ఆపుతుందా, లేక నేల రంధ్రాలను మూసి మొలకను అడ్డుకుంటుందా? రెండూ జరగవచ్చు. ఈ పొరల వల్ల కొన్ని నేలల్లో వాన నీరు ఇంకకుండా పక్కకు పారిపోతుందని కూడా శాస్త్రజ్ఞులు చూశారు. మన నేలలో ఏది జరుగుతుందో మన నేలలోనే తేల్చాలి. యూటాలో తేలిన ఫలితం మా ఊరి నల్లరేగడికి చుట్టరికం కలుపుకోదు.

చౌడు సంగతి కూడా అంతే. మా ఇంటికి ఉన్న నాలుగెకరాల్లో రెండెకరాలు కారు చౌడు. తడిస్తే బురద, ఎండితే బండ. రొయ్యల చెరువుకు లీజుకిమ్మని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఇస్తే కళ్ళముందు డబ్బు. ఇస్తే ఆ ఉప్పు ఊటకు పక్క రైతు చేను కూడా పోతుంది. నాన్న ఇంకా ఇవ్వలేదు, ఎంతకాలం ఇవ్వకుండా ఉంటాడో నాకు తెలియదు. నాచు జిగురు లీజు డబ్బుతో పోటీ పడుతుందని నేను చెప్పను. ఆర్.ఎన్. సింగ్ రాసినంత సులభంగా చౌడు విరగదని, నాచు జిప్సానికి బదులు కాదని తరువాతి పరిశోధనల్లో తేలింది. సోడియాన్ని తరిమి ఆ చోట కాల్షియాన్ని కూర్చోబెట్టాలి, ఆపైన మంచి నీటితో కడగాలి. ఆ పనికి జిప్సం, మురుగు కాలువ తప్పవు. ఐతే జిప్సం వేసి కడిగిన నేల మళ్ళీ ఉండలు కట్టి నిలబడటానికి జిగురు కావాలి. ఆ జిగురు పచ్చిరొట్టతోనూ వస్తుంది, పశువుల ఎరువుతోనూ వస్తుంది, నాచుతోనూ వస్తుంది. మొదటి రెండింటికీ ఖర్చుంది. మూడోది పిలవకుండా వచ్చే చుట్టం. దాన్నే మనం కర్రతో గట్టుకు లాగేస్తున్నాం.

మనం గట్టున పారేసేదాన్ని ఇతర దేశాలవాళ్ళు సీసాల్లో పోస్తున్నారని కూడా విద్యార్థి లోకం తెలుసుకోవాలి. జపానులో సుయిజెంజి నోరి అనే నాచును తరతరాలుగా ఆహారంగా తింటారు. దాని జిగురు నుంచి అక్కడి శాస్త్రజ్ఞులు "సాక్రాన్" అనే పాలీశాకరైడును వేరుచేశారు. అది తన బరువుకు దాదాపు 6000 రెట్లు నీటిని పట్టుకుంటుంది. ఇప్పుడది ముఖానికి రాసుకునే క్రీముల్లోకి వెళ్ళింది. మనం మాత్రలుగా మింగే స్పైరులినా నుంచి కూడా 1996లో ఒక సల్ఫేటు పాలీశాకరైడును తీసి, పరీక్షనాళికలో కొన్ని వైరస్‌లను అడ్డుకుంటుందని చూపారు. పరీక్షనాళికలో పనిచేసినదల్లా మందు కాదు, ప్రకటనలు చూసి మోసపోకండి.

చైనా అనుభవం ఇంకో పాఠం. అక్కడ వెంట్రుకల్లా పెరిగే ఒక నాస్టాక్‌ను పండగ వంటకంగా తింటారు. ధర పెరిగేసరికి పచ్చిక బయళ్ళను గీకి గీకి పీకేశారు, నేల గాలికి లేచిపోయింది. చివరికి 2000లో ప్రభుత్వం దాన్ని ఏరడం, అమ్మడం నిషేధించింది. జిగురుకు బజారులో విలువ వస్తే నేలకు మంచి జరుగుతుందన్న హామీ ఏమీ లేదని దీనివల్ల తెలుస్తోంది.

మన దేశంలో 2002లో జీవవైవిధ్య చట్టం వచ్చింది. ప్రతి పంచాయతీలోనూ జీవవైవిధ్య కమిటీ ఉండాలని, ఊరి జీవసంపదతో ఎవరైనా వ్యాపారం చేస్తే లాభంలో ఊరికి వాటా ఉండాలని దాని ఉద్దేశం. సూక్ష్మజీవులు కూడా ఆ సంపదలో భాగమే. కాని మా చెరువులో ఏ నాచు ఉందో మాకే తెలియనప్పుడు ఎవరు ఏం పట్టుకుపోయారో మాకెలా తెలుస్తుంది? జాబితా లేని ఇంట్లో దొంగతనం జరిగినా తెలియదు.

నాచు అంతా బంగారమని కూడా పొరబడవద్దు. మురుగు చేరే చెరువుల్లో మైక్రోసిస్టిస్ అనే జాతి ఇదే జిగురుతో గుంపులు కట్టి, పచ్చరంగు పూసినట్టు తేలుతుంది. దానిలోని విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఆ నీళ్ళు తాగిన పశువులు చచ్చిపోయిన సంగతులు లోకంలో చాలా ఉన్నాయి. జాతి తెలియకుండా నాచును పొగడటం ఎంత తప్పో, తిట్టడమూ అంతే తప్పు. అందుకే చదువుకున్నవాళ్ళు కావాలి.

ఆ చదువుకున్నవాళ్ళం ఏం చేస్తున్నాం? రికార్డు పుస్తకంలో సీనియరు గీసిన నాస్టాక్ బొమ్మను చూసి మనం గీస్తాం, మనది చూసి జూనియరు గీస్తాడు. నిజమైన నాస్టాక్ హాస్టలు వెనక నీళ్ళు కారే గోడకు పట్టి ఉంటుంది. దాన్ని ఎవరూ తెచ్చి చూడరు. "ఇది డిగ్రీ కాలేజీ, పరిశోధనలకు పరికరాలెక్కడివి?" అని కొందరు మాస్టార్లు అంటారు. వారిమీద గౌరవంతోనే ఒక మాట మనవి చేస్తాను. ఈ పనికి కావలసినవి చాలావరకు మన లాబులో ఇప్పటికే ఉన్నాయి. గాజుపలక మీద నాచు చుక్కకు ఒక చుక్క ఇండియన్ ఇంకు కలిపి మైక్రోస్కోపులో చూస్తే, నల్లటి నేపథ్యంలో కణం చుట్టూ తెల్లటి వలయం కనిపిస్తుంది. అదే గుళిక. నాచు పెంచిన నీళ్ళను వడగట్టి, చల్లటి ఆల్కహాలు పోస్తే జిగురు పోగులుగా విడిపోతుంది. అందులో చక్కెర ఎంతో 1956లో డూబ్వా బృందం ప్రకటించిన ఫీనాల్–గంధకికామ్లం పద్ధతిలో రంగు చూసి కొలవవచ్చు. అది మాస్టారు పక్కన ఉండగా, జాగ్రత్తగా చేయాల్సిన పని.

ఇంతకంటే సులభమైనది ఇంకొకటి ఉంది. నాచు పొర ఉన్న మట్టి ఒక కుండీలో, పొర గీకేసిన అదే మట్టి ఇంకో కుండీలో తీసుకుని, సమానంగా తడిపి, రోజూ పొద్దున్నే తూచండి. ఏది ఎంత త్వరగా ఎండుతోందో కాటానే చెబుతుంది. రెండింటి నుంచి మట్టిగడ్డ తీసి గ్లాసు నీళ్ళలో వేయండి. ఏది నిలుస్తుందో, ఏది కరిగి నీళ్ళను పాలలా చేస్తుందో చూడండి. ఈ పరీక్ష మా అమ్మకు చూపిస్తే ఒక్క ఇంగ్లీషు ముక్క లేకుండా అర్థమవుతుంది.

కాబట్టి విద్యార్థి సంఘానికి నాదొక విన్నపం. వార్షికోత్సవానికి మైకులూ దండలూ కొన్నట్టే, వచ్చే సంవత్సరం బోటనీ, కెమిస్ట్రీ శాఖల సాయంతో ఈ చిన్న పని పెట్టుకుందాం. సంక్రాంతి సెలవులకు ఊరెళ్ళిన ప్రతి విద్యార్థీ కోసిన మడి నుంచి, చౌడు నుంచి, చెరువు అంచు నుంచి దోసెడు మట్టి తెచ్చి, ఊరి పేరు, పంట, వేసిన ఎరువు రాసి ఇవ్వాలి. ఏ మట్టిలో ఏ నాచు ఉందో, ఎంత జిగురు కారుస్తోందో, ఎంత తడి ఆపుతోందో ఒక రిజిస్టరులో రాద్దాం. ఫలితం బాగుంటే బాగుందని, లేకపోతే లేదని, తెలుగులో ఒక పేజీ అచ్చువేసి ఆ ఊరి పంచాయతీ గోడకు అంటిద్దాం. పూర్వ విద్యార్థుల్లో వ్యవసాయ శాఖలో ఉన్నవారు, పరిశోధనాలయాల్లో ఉన్నవారు సలహా ఇస్తే ఇంకా మంచిది. ఆ రిజిస్టరును తర్వాతి బాచికి అప్పజెప్పాలి. పదేళ్ళు నిలిస్తే దాని విలువ ఏ థీసిస్‌కూ తీసిపోదు.

దీనివల్ల మా రెండెకరాలు మిగులుతాయో లేదో నేను చెప్పలేను. ఐతే పొలం అమ్మి ఫీజు కట్టిన తండ్రులు మనలో చాలామందికి ఉన్నారు. ఆ పొలం గురించి మన సైన్సు ఒక్క ముక్కైనా చెప్పగలగాలి గదా! రేపు ఏ రైతైనా మనల్ని ఆపి, "ఇది పనికొచ్చే నాచా, పనికిరాని పాకుడా?" అని అడిగితే, పుస్తకం చూసి కాక కాటా చూసి జవాబు చెప్పే విద్యార్థులు మన కాలేజీలో ఉండాలి.